గ్రూపులో వచ్చింది నిజమేనా? ఫార్వార్డ్ కొట్టే ముందు ఎలా చూసుకోవాలి

"గిది నిజమేనా బిడ్డా?"

వారంలో నాలుగైదుసార్లు నాకొచ్చే ప్రశ్న ఇది. పరకాల నుంచి పెద్దబాపు అడుగుతాడు, మేనత్త అడుగుతుంది, హన్మకొండలో మా గల్లీ చివర కిరాణం దుకాణం అన్న సామాను కడుతూనే ఫోన్ నా ముందుకు జరుపుతాడు. ప్రశ్న కింద ఒక వీడియోనో, ఎర్ర అక్షరాల ఫొటోనో, ఏడుస్తూ మాట్లాడే వాయిస్ క్లిప్పో ఉంటుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం ఇక నావల్ల కాదు. అందుకే నేను ఎలా చూస్తానో వరుసగా రాస్తున్నాను. కంప్యూటర్ అక్కర్లేదు, ఇంగ్లిష్ పెద్దగా రావాల్సిన పనీ లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. మా గ్రూపుల్లోకి వచ్చేవాటిలో పూర్తిగా కల్పించినవి నేను అనుకున్నంత ఎక్కువ లేవు. ఎక్కువగా వచ్చేది పాత నిజం. రెండేళ్ల కిందటి వరద ఈరోజు వరదగా వస్తుంది, వేరే రాష్ట్రంలో జరిగిన గొడవ మన బస్టాండు గొడవగా వస్తుంది. కాబట్టి "నిజమా, అబద్ధమా" అని మొదలుపెట్టకండి. "ఎప్పటిది, ఎక్కడిది" అని మొదలుపెడితే సగం పని అక్కడే అయిపోతుంది.

కావాల్సినవి

- నెట్ ఉన్న ఫోన్, అందులో ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ యాప్‌లోనే కెమెరా బొమ్మలా ఉంటుంది.
- ఫోన్‌లో ఉండే మామూలు క్యాలెండర్.
- పది నిమిషాలు. చాలావాటికి మూడు నిమిషాలు చాలు.
- మెసేజ్‌లో చెప్పిన ఊళ్లో తెలిసిన ఒక మనిషి నంబర్. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద సాధనం ఇదే. ములుగులో ఏం జరిగిందో లెన్స్ కన్నా ములుగులో ఉండే మీ వియ్యంకుడికే ముందు తెలుస్తుంది.

ఇక వరుస

1. బాణం గుర్తు చూడండి

వాట్సాప్‌లో మెసేజ్ పైన ఒక బాణం ఉంటే ఎక్కడి నుంచో ఫార్వార్డ్ అయిందని అర్థం. రెండు బాణాలు ఉంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. 2020 ఏప్రిల్‌లో ఆ కట్టడి పెట్టారు. మీకు పంపిన మనిషి మంచివాడే కావచ్చు, కానీ అది ఆయన కళ్లారా చూసింది కాదని ఈ రెండు బాణాలు చెప్పేస్తాయి.

జాగ్రత్త: బాణం లేనంత మాత్రాన సొంత మాట అనుకోవద్దు. వీడియోను ఫోన్‌లో సేవ్ చేసి మళ్లీ పెట్టినా, మాటలు కాపీ చేసి అతికించినా ఆ గుర్తు పోతుంది.

2. తేల్చగలిగే ముక్క ఒకటి పట్టుకోండి

ఒక పొడవాటి మెసేజ్‌లో కోపం, బాధ, తిట్లు, లెక్కలు, ఒక ఫొటో అన్నీ కలిసి ఉంటాయి. "ఫలానా నాయకుడు జనాన్ని ముంచాడు" అనేది అభిప్రాయం. దాన్ని మీరూ నేనూ టీ తాగుతూ వాదించుకోవచ్చు గానీ ఫోన్‌లో తేల్చలేం. "ఫలానా పింఛను వచ్చే నెల నుంచి రద్దు" అనేది తేల్చగలిగే ముక్క. అది మాత్రమే విడిగా తీసుకోండి. మా కాకతో ఇక్కడే తకరారు వస్తుంది. నేను లెక్క గురించి అడుగుతాను, ఆయన పార్టీ గురించి జవాబిస్తాడు.

3. తేదీ పట్టుకోండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మన దగ్గర తేదీ దొరకబట్టడం చాలా తేలిక. పదేళ్లలో మన ప్రాంతంలో పేర్లు ఎన్నిసార్లు మారాయో గుర్తు చేసుకోండి. ఆ పేర్లే మెసేజ్ వయసు చెబుతాయి.

"వరంగల్ అర్బన్ జిల్లా కలెక్టర్ ఆదేశాలు" అని ఉందా? 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా పేరు హన్మకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. అంటే అది అంతకు ముందుది, లేదా ఇక్కడి సంగతి తెలియనివాళ్లు తయారు చేసింది. "రాష్ట్రంలోని 31 జిల్లాల్లో" అని ఉంటే 2019 ఫిబ్రవరికి ముందుది. ములుగు, నారాయణపేట వచ్చాక 33 అయ్యాయి. టీఎస్‌ఆర్టీసీ, టీఎస్‌పీఎస్సీ, టీఎస్‌ఎన్పీడీసీఎల్ అని ఉంటే 2024లో టీఎస్ పోయి టీజీ రాకముందుది కావచ్చు. మాటల్లో మనం ఇప్పటికీ టీఎస్ అనేస్తాం కాబట్టి దీన్ని గట్టి సాక్ష్యంగా పట్టుకోవద్దు. కానీ సంతకం, ముద్ర ఉన్న కాగితం మీద పాత పేరు ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

అన్నట్టు, "టీఎస్ నంబర్ ప్లేట్లు మార్చుకోకపోతే జరిమానా" అనే మెసేజ్ మా గ్రూపులో మూడుసార్లు తిరిగింది. టీజీ వచ్చింది కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకే.

వానాకాలంలో తిరిగే "రేపు బడులకు సెలవు" మెసేజ్‌కు ఒక చిన్న చిట్కా ఉంది. తేదీ పక్కన వారం పేరు ఉంటే క్యాలెండర్ తెరిచి చూడండి. 2023లో జులై 27 గురువారం. అదే తేదీ 2024లో శనివారం పడింది. పాత మెసేజ్‌లో సంవత్సరం చెరిపేసిన పెద్దమనిషి వారం పేరు మార్చడం మర్చిపోతాడు. ఈ ఒక్క చిట్కాతో మా అక్క కొడుకు ఆశల మీద చాలాసార్లు నీళ్లు చల్లాను.

వీడియోలో అయితే బండ్ల నంబర్ ప్లేట్లు, దుకాణాల బోర్డుల భాష, బస్సు రంగు, ఫ్లెక్సీల మీద ముఖాలు చూడండి. ఫ్లెక్సీలో ఎమ్మెల్యే ఎవరో చూస్తే ఏ ఎన్నికల తర్వాతిదో తెలిసిపోతుంది.

వరంగల్ భద్రకాళి చెరువు సంగతి చెబుతాను. 2023 జులై చివర్లో కట్టకు నిజంగానే గండి పడింది. ఆ వీడియో నిజం. మరుసటి ఏడాది గట్టి వాన పడ్డ రాత్రి అదే వీడియో "ఇప్పుడే తెగింది, కింది కాలనీల వాళ్లు ఖాళీ చేయండి" అంటూ వచ్చింది. మా మేనత్త నిద్ర లేచి సామాను మంచాల మీదికి ఎక్కించింది. నేను పోతననగర్ వైపు ఉండే ఫ్రెండ్‌కు ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నదిరా, పండుకో" అన్నాడు. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2024 చివర్లో పూడిక తీయడానికి ఆ చెరువును ఖాళీ చేశారు. ఆ ఎండిన చెరువు ఫొటో ఎప్పుడో కరువు వార్తకు తోడుగా మీ ఫోన్‌లోకి వస్తే ఆశ్చర్యపోకండి.

4. ఫొటో అయితే లెన్స్‌లో వేయండి

ఫొటోను సేవ్ చేసి గూగుల్ లెన్స్‌లో తెరవండి. అలాంటి ఫొటోలు ఉన్న పేజీలు వస్తాయి. మొదట వచ్చినదాన్నే పట్టుకోకుండా కిందికి జరుపుతూ అన్నిటికన్నా పాత తేదీ ఏదో వెతకండి. ఈరోజు జరిగిందంటున్న ఫొటో మూడేళ్ల కిందటి పేజీలో ఉంటే పని అయిపోయినట్టే.

ఏమీ దొరక్కపోతే ఫొటో మీదున్న రాతలు, ఎమోజీలు, పార్టీ రంగులు కత్తిరించి, లోపలి బొమ్మ మాత్రమే మిగిల్చి మళ్లీ వేయండి. చాలామంది ఈ రెండో ప్రయత్నం చేయరు. అప్పటికీ దొరక్కపోతే అది కొత్తదని కాదు, మనకు దొరకలేదని మాత్రమే అర్థం.

5. వీడియో అయితే మూడు చోట్ల ఆపండి

మొదట్లో, మధ్యలో, చివర్లో ఆపి స్క్రీన్‌షాట్లు తీసి, మూడూ లెన్స్‌లో వేయండి. అది పూర్తి వీడియోనా, ముక్కా అని కూడా వెతకాలి. ఇది ఎందుకు ముఖ్యమో 2018లో మన రాష్ట్రమే చూసింది. ఆ మే నెలలో "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది" అని ఊరూరా మెసేజ్‌లు తిరిగాయి, కొత్తగా కనిపించినవాళ్ల మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బండి మీద వచ్చిన ఇద్దరు రోడ్డు మీద పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో తల్లిదండ్రులకు జాగ్రత్త చెప్పడానికి తీసిన ప్రచార వీడియో. చివర్లో వాళ్లు పిల్లాడిని వెనక్కి తెచ్చి దింపి ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది తిప్పారు.

కాబట్టి వీడియో ఠక్కున ఆగిపోతే ఆ తర్వాత ఏం జరిగిందో వెతకండి. నాయకుల ప్రసంగాలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పన్నెండు సెకన్ల క్లిప్ వస్తే ఆ సభ పేరుతో యూట్యూబ్‌లో మొత్తం ప్రసంగం వెతికి, ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం వినండి. "ఎదుటోళ్లు అంటున్నరు" అని ఆయన వెక్కిరించిన మాట క్లిప్‌లో ఆయన సొంత మాటై కూర్చుంటుంది.

6. ప్రభుత్వ కాగితం అయితే

జీవో అంటే నంబర్, తేదీ, శాఖ పేరు మూడూ ఉండాలి. ఆ మూడింటితో వెతకండి. సెలవు లాంటి జిల్లా సంగతులైతే కలెక్టర్, జిల్లా పౌర సంబంధాల అధికారి పెట్టే ప్రకటన చూడండి, లేదా మీ బడి సారుకే ఫోన్ చేయండి.

పథకానికి దరఖాస్తు అంటూ లింకు వస్తే చిరునామా మొత్తం చదవండి. మొదట్లో ఉండే https:// వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు ఉన్న చివరి ముక్క "జీవోవీ డాట్ ఇన్" (gov.in) అయి ఉండాలి. మధ్యలో ఎక్కడో "తెలంగాణ" అనీ "జీవోవీ" అనీ ఉన్నంత మాత్రాన లాభం లేదు. "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అన్నదీ ఈ జాతిదే. బిల్లు మీదున్న సర్వీసు నంబర్‌తో మామూలుగా కట్టే చోటే బాకీ ఉందో లేదో చూసుకోండి. ఇప్పటికే లింకు నొక్కి డబ్బు పోయి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

7. వాయిస్ క్లిప్ అయితే

దీనికి లెన్స్ లాంటిది లేదు. అందులో వినిపించిన ఊరు, ఆసుపత్రి, పేరు, తేదీ కాగితం మీద రాసుకుని, వాటికి "ఫ్యాక్ట్ చెక్" అని చేర్చి తెలుగులోనే వెతకండి. ఊరు పేరు, తేదీ రెండూ లేని క్లిప్ అయితే వెతకడం కూడా దండగ. నేను అక్కడే ఆపేస్తాను.

8. ఎన్నికలప్పుడు

సర్పంచ్ ఎన్నికల నుంచి పార్లమెంట్ దాకా మూడు రకాలు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఒకటి, పేపర్ క్లిప్పింగ్, లేదా షార్ట్ న్యూస్ యాప్ కార్డు. పేరు, రంగు అన్నీ అసలుదానిలాగే ఉంటాయి. ఆ పేపర్ ఈ-పేపర్ తెరిచి ఆ తేదీ, జిల్లా ఎడిషన్ చూడండి. అక్షరాల రూపం తేడాగా ఉన్నా, తప్పులు మరీ ఎక్కువున్నా అనుమానించండి.

రెండు, పోలింగ్ సాగుతుండగానే వచ్చే "ఎగ్జిట్ పోల్". అసెంబ్లీ, పార్లమెంట్ ఎన్నికల్లో చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది అబద్ధమైనా కావాలి, చట్టవిరుద్ధమైనా కావాలి.

మూడోది చదువుకున్నవాళ్లు కూడా పంపేది: "జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు అడగండి. 14 శాతం కన్నా ఎక్కువ టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్." ఇది తప్పు. జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. ఛాలెంజ్ అంటే ఓటేయడానికి వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని పోలింగ్ ఏజెంట్ రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు అంటే మీ పేరుతో ముందే ఎవరో వేసేసి ఉంటే, మీరే మీరని తేలాక యంత్రం మీద కాకుండా కాగితం మీద వేయించి విడిగా దాచే ఓటు. దానికీ రీపోలింగ్‌కూ శాతాల లెక్కేమీ లేదు. మీ పేరు ఉందో లేదో పోలింగ్ రోజు కాకుండా నెల ముందే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి కనుక్కోండి.

9. ఏఐ బొమ్మ అయితే

ఏఐ బొమ్మ అంటే కెమెరాతో తీసింది కాదు, కంప్యూటర్ తయారు చేసింది. అందులో మనుషుల వేళ్లు తప్పుగా వచ్చేవి కాబట్టి, వేళ్లు లెక్కపెట్టమని ఇదివరకు చెప్పేవాణ్ని. ఇప్పుడు వేళ్లు కూడా సరిగ్గానే వస్తున్నాయి. బోర్డుల మీద తెలుగు అక్షరాలు ఇంకా పట్టిస్తాయి. ఒత్తులు కలగాపులగంగా ఉంటాయి, అసలు లేని అక్షరాలు కనిపిస్తాయి. ఒకే సంఘటనను వేరే కోణం నుంచి తీసిన ఇంకో ఫొటో ఉందా అని కూడా చూడండి. నలుగురు చూసిన చోట నాలుగు ఫోన్లు లేస్తాయి కదా.

బొమ్మ ఏఐదైతే సంగతే అబద్ధం అనుకోవద్దు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల గొడవ అప్పుడు జింకలు, నెమళ్లు పారిపోతున్నట్టు ఏఐ బొమ్మలు బాగా తిరిగాయి. అక్కడ చెట్లు కొట్టడమూ నిజమే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనడమూ నిజమే. బొమ్మకొక తీర్పు, సంగతికొక తీర్పు విడివిడిగా ఇవ్వాలి.

10. ఇంకొకరు ముందే తేల్చారేమో చూడండి

హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులో కూడా రాస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంగతులకు పీఐబీ ఫ్యాక్ట్ చెక్, రాష్ట్రానికి ఫ్యాక్ట్‌చెక్ తెలంగాణ ఉన్నాయి. ఈ రెండూ ప్రభుత్వానివే కాబట్టి, ఫలానా కాగితం నకిలీ అని చెబితే నమ్ముతాను. ప్రభుత్వం మీద వచ్చిన విమర్శ తప్పని చెబితే మాత్రం ఇంకో చోట కూడా చూస్తాను.

తరచుగా జరిగే పొరపాట్లు

"పది వెబ్‌సైట్లలో ఉంది" అనుకోవడం. పదింటిలోనూ అవే వాక్యాలుంటే అది ఒక్క సాక్ష్యమే, తొమ్మిది జిరాక్సులు.

మనకు నచ్చని పార్టీ మెసేజ్‌లనే వెతకడం. నేను నెల రోజులు నా సొంత లెక్క రాసుకున్నాను. వెతికినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ నాకు పడని పక్షానివే. సిగ్గేసింది.

చాట్‌బాట్‌ను అడిగి వదిలేయడం. అది మన మండలం సంగతులు ఎంతో ధీమాగా తప్పు చెప్పగలదు. అడగండి, కానీ అది చూపించిన లింకు తెరిచి చదవండి.

అన్నిటినీ అబద్ధం అనేయడం. ఇది కాస్త తెలిసినవాళ్ల జబ్బు. 2023 జులై 27 పొద్దున "ములుగు జిల్లాలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన" అని మెసేజ్ వస్తే, ఒక అంకె ఎక్కువ పడిందని గ్రూపులో నవ్వాను. లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నిజంగానే నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల పైకెక్కారు. నమ్మశక్యంగా లేకపోవడం అబద్ధానికి గుర్తు కాదని ఆరోజు నా చెంప పగిలింది.

మీరు తేల్చింది సరైందో కాదో చూసుకోవడం

ఒక్క వాక్యంలో చెప్పి చూడండి: "ఇది ఫలానా సంవత్సరం ఫలానా చోటది, ఫలానా చోట చూశాను." ఆ మూడు ఖాళీల్లో ఏదైనా నిండకపోతే ఇంకా తేలనట్టే. నేను మూడు మాటలే వాడతాను: నిజం, తప్పు, తేలలేదు. నా లెక్కలో ఎక్కువ వచ్చేది మూడోదే, అందులో తప్పేమీ లేదు. తేలలేదంటే పంపకపోవడమే.

గ్రూపులో ఎలా చెప్పాలి

పెద్దవాళ్లను అందరి ముందు "ఫేక్" అన్నారంటే వాళ్లు మెసేజ్ తీయరు, మీతో మాట్లాడటం మానేస్తారు. నేను ముందు విడిగా ఫోన్ చేస్తాను: "పెద్దబాపూ, ఆ వీడియో 2023దట. అప్పుడు నిజమే, ఇప్పుడు కాదు. మీరే గ్రూపులో ఒక మాట చెప్తే అందరూ వింటరు." తొమ్మిదిసార్లు ఆయనే పెడతాడు. పదోసారి నాతో పెట్టిస్తాడు.

మీరే తప్పు పంపి ఉంటే, రెండు రోజుల పన్నెండు గంటల లోపు "అందరికీ డిలీట్" పనిచేస్తుంది. అది ఒక్కటే చేయొద్దు. అప్పటికే చదివి ఇంకో గ్రూపులో పెట్టినవాళ్లు ఉంటారు. డిలీట్ చేసి, కిందనే "పొద్దున నేను పెట్టిన చెరువు వీడియో పాతది, ఎవరికైనా పంపి ఉంటే చెప్పండి" అని రాయండి. మా గ్రూపులో మొదటిసారి అలా రాసింది మా మేనత్త. దాని కింద నాలుగు దండాల బొమ్మలు, కాక పెట్టిన ఇంకో ఫార్వార్డ్ వచ్చాయి. రెండు బాణాలతో.